డిక్కీలో ఎంత చోటు ఇవ్వగలరో ముందు చెప్పండి

ప్రశ్న: నాది చిన్న హ్యాచ్‌బ్యాక్. కంపెనీ ఇచ్చిన స్టీరియో, నాలుగు డోర్ స్పీకర్లు ఉన్నాయి. బేస్ బాగా పలచగా వినిపిస్తోందని సబ్‌వూఫర్ పెట్టుకోవాలనుకుంటున్నాను. నా స్నేహితుడి కారులో 12 అంగుళాల సబ్, రెడీమేడ్ పోర్టెడ్ బాక్స్ ఉన్నాయి. మోత బ్రహ్మాండంగా ఉంటుంది కానీ ఏ పాట పెట్టినా ఒకే రకంగా ‘బుమ్ బుమ్’ అంటుంది. పది నిమిషాలకే మా ఆవిడకు తలనొప్పి వచ్చింది. అమ్మేవాళ్లేమో ‘12 అంగుళాలు, 1200 వాట్లు తీసుకోండి, తిరుగుండదు’ అంటున్నారు. 10 తీసుకోవాలా, 12 తీసుకోవాలా? సీల్డ్ బాక్సా, పోర్టెడా? స్టీరియో మార్చకుండా కుదురుతుందా? బిగించడం నేనే చేసుకోవచ్చా? ఇంకో మాట, డిక్కీ మొత్తం పోతే ఇంట్లో ఒప్పుకోరు.

జవాబు:

మీ ఉత్తరంలో అన్నిటికంటే పనికొచ్చే ముక్క చిట్టచివర ఉంది. డిక్కీ మొత్తం ఇవ్వలేనన్నారు కదా, మీ మిగతా ప్రశ్నల్లో సగానికి జవాబు అక్కడే దొరికింది. మామూలుగా అందరూ ముందు సబ్ కొంటారు, తర్వాత దానికి ఆంప్ (సిగ్నల్‌కు పవర్ ఇచ్చే ఆంప్లిఫయర్) వెతుకుతారు, ఆఖరున ఏదో ఒక బాక్స్‌లో దాన్ని కూర్చోబెడతారు. మీరు తిరగేసి వెళ్లండి. టేపు తీసుకుని డిక్కీ కొలవండి. ఇంట్లో వాళ్లతో మాట్లాడి ఎంత చోటు వాడుకోవచ్చో తేల్చుకోండి. ఆ చోటులో ఎన్ని లీటర్ల బాక్స్ పడుతుందో లెక్కేయండి. అన్ని లీటర్లలో హాయిగా పలికే సబ్ ఏదో అప్పుడు వెతకండి. ఆ సబ్‌కు తగిన ఆంప్, ఆ ఆంప్‌కు తగిన వైరు వాటంతట అవే తేలతాయి.

బాక్స్‌కు ఇంత ప్రాముఖ్యం ఎందుకంటే, సబ్‌ను విడిగా చేత్తో పట్టుకుని పాట పెట్టి చూడండి. కోన్ (ముందు కనిపించే గిన్నెలాంటి భాగం) అంగుళం మేర ఊగుతుంది కానీ బేస్ మాత్రం రాదు. కోన్ ముందుకు తోసినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనకున్న గాలి పలచబడుతుంది. ఆ రెండూ అంచు చుట్టూ తిరిగి కలిసిపోయి ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. వెనక గాలిని ముందు గాలితో కలవకుండా ఆపడం బాక్స్ మొదటి పని. రెండో పని, లోపల చిక్కుకున్న గాలి స్ప్రింగులా కోన్‌ను వెనక్కి లాగడం. బాక్స్ చిన్నదైతే ఆ స్ప్రింగు బిగుసుకుంటుంది, లోతైన బేస్ తగ్గి పైబేస్ ఉబ్బుతుంది. మరీ పెద్దదైతే స్ప్రింగు వదులై, ఎక్కువ పవర్ ఇచ్చినప్పుడు కోన్ అదుపు తప్పుతుంది. అందుకే ప్రతి సబ్‌కూ కంపెనీ ఇన్ని లీటర్లని చెబుతుంది. ఆ అంకె పక్కన పెడితే ఎంత ఖరీదైన సబ్ అయినా మట్టిగొట్టుకుపోతుంది.

ఇప్పుడు మీ స్నేహితుడి కారు సంగతి. పోర్టెడ్ బాక్స్‌లో ఉండే గొట్టం గాలి బయటకు పోవడానికి పెట్టిన కన్నం కాదు. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒకే స్వరం పలుకుతుంది కదా, అదే సూత్రం. గొట్టం వెడల్పు, పొడవు, బాక్స్ పరిమాణం, ఈ మూడూ కలిసి ఆ స్వరాన్ని నిర్ణయిస్తాయి. ఉదాహరణకు లోపల 40 లీటర్లున్న బాక్స్‌కు 10 సెంటీమీటర్ల వెడల్పున్న గొట్టం పెట్టి 35 హెర్ట్జ్ (సెకనుకు 35 కంపనాలు) స్వరానికి ట్యూన్ చేయాలంటే, గొట్టం పొడవు సుమారు 41 సెంటీమీటర్లు ఉండాలి. అదే గొట్టాన్ని 30 లీటర్ల బాక్స్‌లో పెడితే ట్యూనింగ్ 40 హెర్ట్జ్‌కు ఎగబాకుతుంది. అంత పొడవు గొట్టం పట్టదని సగానికి కోసేస్తే ఇంకా పైకి పోతుంది. చోటు కలిసి రావాలని చిన్న బాక్స్, పొట్టి గొట్టంతో చేసిన రెడీమేడ్ బాక్స్‌ల గతి తరచూ ఇదే. ట్యూనింగ్ ఉన్న స్వరం దగ్గర ధ్వని గుట్టలా లేచి, మిగతా చోట పడిపోతుంది. పాటలో బేస్ గిటార్ ఏ స్వరం వాయించినా మీ చెవికి ఆ గుట్టే వినిపిస్తుంది. మీ ఆవిడ తలనొప్పికి కారణం బేస్ ఎక్కువవడం అనుకోను. ఒకే స్వరం పది నిమిషాలు చెవిలో కొట్టడం.

అలాగని పోర్టెడ్‌ను తిట్టడం నా ఉద్దేశం కాదు. సరిగ్గా లెక్కేసి కట్టిన పోర్టెడ్ బాక్స్ అదే పవర్‌కు సీల్డ్ (గొట్టం లేకుండా పూర్తిగా మూసేసిన బాక్స్) కంటే గట్టిగా, కింది దాకా పలుకుతుంది. కానీ అది రెండు విషయాలు అడుగుతుంది. ఒకటి చోటు. 10 అంగుళాల సబ్‌లలో చాలా మోడళ్లకు సీల్డ్ అయితే 17 నుంచి 23 లీటర్లు సరిపోతాయి, పోర్టెడ్ అయితే 35 నుంచి 45 లీటర్లు కావాలి. దాని మీద గొట్టం తినే లీటర్లు అదనం. రెండోది జాగ్రత్త. ట్యూనింగ్ కంటే కింది స్వరాల దగ్గర గాలి స్ప్రింగు పనిచేయదు, కోన్‌ను పట్టి ఉంచేవాళ్లు ఉండరు. ఆంప్‌లో మరీ కింది స్వరాలను ఆపే సబ్‌సోనిక్ ఫిల్టర్ పెట్టకపోతే ఒక్క లోతైన స్వరానికే కోన్‌ను కదిలించే తీగచుట్ట, అంటే కాయిల్, వెళ్లి అడుగుకు కొట్టుకోవచ్చు.

మీకు సీల్డ్ అని ఖాయంగా చెప్పడానికి ఇంకో కారణం మీ కారే. సీల్డ్ బాక్స్‌లో స్వరం కిందికి దిగేకొద్దీ ధ్వని ఆక్టేవ్‌కు (అంటే హెర్ట్జ్ సగమైన ప్రతిసారీ) 12 డెసిబెల్స్ చొప్పున పడిపోతుంది. కాగితం మీద చూస్తే దిగులు పుడుతుంది. కానీ కారు లోపలి ఖాళీ చాలా చిన్నది. 50 హెర్ట్జ్ ధ్వని తరంగం ఒక్కటే దాదాపు 7 మీటర్ల పొడవు ఉంటుంది, మీ కారులో అది పట్టనే పట్టదు. అలాంటి చోట సబ్ తరంగాన్ని పంపినట్టు కాకుండా గదిలో గాలిని పంపు కొట్టినట్టు పనిచేస్తుంది. అందువల్ల చిన్న కార్లలో సుమారు 60, 70 హెర్ట్జ్ నుంచి కిందికి దిగేకొద్దీ ధ్వని సహజంగా పెరుగుతుంది. దీన్ని క్యాబిన్ గెయిన్ అంటారు. లెక్క ప్రకారం ఇది కూడా ఆక్టేవ్‌కు 12 డెసిబెల్స్ వరకు ఉంటుంది. సందుల్లోంచి గాలి పోతుంది కాబట్టి నిజానికి అంతకంటే తక్కువ. అయినా సీల్డ్ బాక్స్ పోగొట్టిన దాన్లో చాలా భాగం కారు తిరిగి ఇచ్చేస్తుంది. హాల్లో చప్పగా అనిపించిన సీల్డ్ బాక్స్ కారెక్కగానే నిండుగా పలకడం వెనక రహస్యం ఇదే. అద్దం దించితే బేస్ ఒక్కసారిగా నీరుగారిపోయేది కూడా అందుకే.

ఇక సైజు. 10 అంగుళాలు తీసుకోండి. 12 అంగుళాలది సీల్డ్‌లో 28 లీటర్ల దాకా అడుగుతుంది, మీ డిక్కీకి అది బరువే. ‘10 వేగంగా పలుకుతుంది, 12 నెమ్మది’ అని ఎవరైనా అంటే నమ్మకండి. సరైన బాక్స్‌లో ఉన్న 12, తప్పు బాక్స్‌లో ఉన్న 10 కంటే వెయ్యి రెట్లు శుభ్రంగా పలుకుతుంది. మీ విషయంలో 10 అనడానికి కారణం చోటు ఒక్కటే.

ఏ సబ్ సీల్డ్‌కు పనికొస్తుందో తెలుసుకోవడానికి ఓ చిన్న లెక్క ఉంది. నెవిల్ థీల్ అనే ఆస్ట్రేలియా ఇంజినీరు 1961లో మొదలుపెట్టి, రిచర్డ్ స్మాల్ 1970ల తొలినాళ్లలో పూర్తి చేసిన కొలతలు ప్రతి మంచి సబ్ కాగితంలోనూ అచ్చేసి ఉంటాయి. వాటిలో ఎఫ్ఎస్‌ను (సబ్ తనంతట తాను ఊగే స్వరం, హెర్ట్జ్‌లో) క్యూఈఎస్‌తో (ఆ ఊపును కాయిల్, అయస్కాంతం ఎంత అదుపు చేస్తాయో చెప్పే అంకె) భాగించండి. 50 లోపు వస్తే సీల్డ్‌కు పుట్టిన సబ్. 100 దాటితే పోర్టెడ్‌కు. మధ్యలో అయితే రెండింట్లోనూ నెగ్గుకొస్తుంది. ఎఫ్ఎస్ 28, క్యూఈఎస్ 0.6 ఉన్నదనుకోండి, 47 వస్తుంది, కళ్లు మూసుకుని సీల్డ్‌లో పెట్టొచ్చు. ఈ కొలతలు ఎక్కడా ఇవ్వకుండా పెట్టె మీద వాట్లు మాత్రమే పెద్ద అక్షరాల్లో అచ్చేసిన సబ్ అయితే ముట్టుకోకండి.

ఆ 1200 వాట్లు అన్నది పీక్ అయి ఉంటుంది. ఒక్క క్షణం పాటు తట్టుకునే అంకెతో మనకు పని లేదు. ఆర్ఎంఎస్ ఎంతో అడగండి, అదే ఆగకుండా మోయగలిగే బరువు. మీ అవసరానికి 250 నుంచి 300 వాట్ల ఆర్ఎంఎస్ ధారాళంగా చాలు. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి ‘రెట్టింపు మోత’ అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పదింతల పవర్ కావాలి. 300కీ 400కీ మధ్య తేడాను మీరు గుర్తుపట్టడం కష్టం. అదే ఖర్చు బాక్స్ మీద పెట్టండి.

సబ్‌కు డ్యూయల్ వాయిస్ కాయిల్ (రెండు కాయిల్స్) ఉంటే ఓమ్స్ (కరెంటుకు కాయిల్ ఇచ్చే అడ్డు కొలత) చూసి కొనండి. రెండు 4 ఓమ్ కాయిల్స్‌ను పారలల్‌గా కలిపితే 2 ఓమ్‌లు, సిరీస్‌గా కలిపితే 8 అవుతాయి. మీరు కొనే మోనో (ఒకే ఛానల్) ఆంప్ 2 ఓమ్‌ల దగ్గర 300 వాట్లు ఇస్తుందా అన్నది చూసుకోండి. 2 ఓమ్స్ వరకే మోయగలిగే ఆంప్‌కు 1 ఓమ్ తగిలిస్తే అది వేడెక్కి ఆగిపోతుంది, లేదా ఏకంగా పోతుంది. ఆంప్ క్లాస్ డి అయితే మేలు, కరెంటు తక్కువ తాగుతుంది.

బాక్స్ కట్టించుకోండి, లేదా చెక్కపని వచ్చి ఉంటే కట్టుకోండి. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్కపీచు నొక్కి చేసిన పలక) చాలు. పలచటి చెక్కతో కడితే పాటతో పాటు గోడలూ పాడతాయి. ఆకారం గురించి బెంగ వద్దు. ఇందాక చెప్పిన 7 మీటర్ల తరంగం ముందు అర మీటరు బాక్స్ చతురస్రమా, వాలుగా ఉందా అన్నది లెక్కలోకి రాదు. కాబట్టి వెనక సీటు వాలుకు అతుక్కునేలా పైన సన్నగా, కింద వెడల్పుగా కట్టించండి, బోలెడు చోటు మిగులుతుంది. లోపలి కొలతలు వెడల్పు 45, ఎత్తు 32, లోతు పైన 12, కింద 22 సెంటీమీటర్లు అనుకుందాం. లోతు సగటు 17. మూడింటినీ గుణించి వెయ్యితో భాగిస్తే 24.5 లీటర్లు. ఇందులో సబ్ వెనక భాగం ఓ 2 లీటర్లు, లోపలి అడ్డకర్రలు ఓ లీటరు ఆక్రమిస్తాయి. మిగిలేది 21.5 లీటర్లు, చాలా 10 అంగుళాల సబ్‌లకు సరిగ్గా కావలసిన చోటు. సబ్ లోతు మధ్యలో 17 సెంటీమీటర్లలో పడుతుందా లేదా అన్నది మాత్రం ముందే చూసుకోండి.

కొలతలు లోపలివే అని మళ్లీ చెబుతున్నాను. ఎందుకంటే నా మొదటి బాక్స్‌ను నేను బయటి కొలతలతో లెక్కేసి కట్టాను. పైన చెప్పిన బాక్స్‌నే బయట కొలిస్తే 35 లీటర్ల పైన వస్తుంది. 35 అనుకుని 24లో సబ్ పెట్టి, రెండు నెలలు స్టీరియోను తిట్టుకున్నాను. చెక్క మందం మింగేసిన 11 లీటర్లు నాకు అప్పుడు తట్టలేదు.

అతుకులకు జిగురు, స్క్రూలు రెండూ వాడండి. ఎండీఎఫ్ అంచులో నేరుగా స్క్రూ దించితే చీలుతుంది కాబట్టి ముందు సన్నటి రంధ్రం వేయాలి. లోపలి మూలలన్నిటికీ సిలికాన్ పట్టించి, ఒక రోజంతా ఆరనిచ్చాకే సబ్ బిగించండి. ఆరేటప్పుడు వచ్చే ఆవిరి కోన్ చుట్టూ ఉన్న సరౌండ్‌ను, జిగురును పాడుచేయొచ్చు. బిగించాక రెండు అరచేతులతో కోన్‌ను సమంగా, మెల్లగా నొక్కి వదలండి. నిదానంగా వెనక్కి వస్తే బాక్స్ సీల్ అయినట్టు. చటుక్కున వచ్చేస్తే ఎక్కడో గాలి కారుతోంది. వైరు టెర్మినల్ చుట్టూ మొదట చూడండి, ఎక్కువగా అక్కడే దొంగ దొరుకుతాడు.

బిగించే పని మీరే చేసుకోవచ్చా అన్నారు. మల్టీమీటర్ వాడటం వచ్చి, ఒక రోజు ఓపిగ్గా కూర్చోగలిగితే చేసుకోవచ్చు. అయితే ఒక్క చోట మాత్రం నేను కొంచెం కఠినంగా మాట్లాడతాను. ఆంప్‌కు వెళ్లే పాజిటివ్ వైరు మీద ఫ్యూజ్ బ్యాటరీ దగ్గరే ఉండాలి, దూరం 45 సెంటీమీటర్లు మించకూడదు. ఆంప్‌లో ఫ్యూజ్ ఉంది కదా అని ఇది వదిలేసేవాళ్లను చూశాను. ఆంప్ ఫ్యూజ్ ఆంప్‌ను కాపాడుతుంది. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా కార్పెట్ కింద పాకిన నాలుగైదు మీటర్ల వైరును కాపాడేది బ్యాటరీ దగ్గర పెట్టిన ఫ్యూజే. ఆ వైరు ఎక్కడైనా రేకుకు రాసుకుని తెగి బాడీకి తగిలితే, ఫ్యూజ్ లేనప్పుడు కారు అంటుకుంటుంది. ఇంజిన్ గోడలోంచి వైరును తీసుకొచ్చే రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి, పెడల్స్‌కూ స్టీరింగ్ రాడ్‌కూ అడ్డం రాకూడదు. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ ఊడదీయండి. పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే చెయ్యి పెట్టకండి, చాలా కార్లలో అవి ఎయిర్‌బ్యాగ్‌వి. హైబ్రిడ్ గానీ ఎలక్ట్రిక్ గానీ అయితే నారింజ రంగు కేబుల్స్ ఉంటాయి, అవి హై వోల్టేజ్. వాటి దరిదాపుల్లోకి కూడా వెళ్లకండి.

300 వాట్ల క్లాస్ డి ఆంప్ పూర్తి పవర్ దగ్గర సుమారు 27 ఆంపియర్లు లాగుతుంది. దానికి 8 గేజ్ స్వచ్ఛమైన రాగి వైరు సరిపోతుంది. ఫ్యూజ్ ఎన్ని ఆంపియర్లో ఆంప్ కాగితంలో ఉంటుంది, వైరు మోయగల దానికంటే మాత్రం మించకూడదు. అల్యూమినియం మీద రాగి పూత వేసిన వైరు చూడ్డానికి ఒకేలా ఉంటుంది కానీ కరెంటును రాగిలో మూడింట రెండు వంతులే మోస్తుంది, అదైతే 4 గేజ్ తీసుకోండి. గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు అని గుర్తుపెట్టుకోండి. ఎర్త్ వైరు పొట్టిగా ఉండాలి, ఆంప్ పక్కనే బాడీ రేకు మీద పెయింటు గీకి, మెరిసే లోహానికి బిగించాలి. సీటు బెల్ట్ బోల్ట్‌ను ఇందుకు వాడకండి. రంధ్రం వేసే ముందు కారు కిందికి తొంగిచూడండి, అవతల పెట్రోలు ట్యాంకో బ్రేక్ పైపో ఉండొచ్చు. ఇంజిన్ వేగంతో పాటు ‘కుయ్’మని రాగం తీస్తే పది సార్లలో తొమ్మిది సార్లు నేరం ఎర్త్‌దే.

స్టీరియో మార్చక్కర్లేదు. హై లెవెల్ ఇన్‌పుట్ ఉన్న ఆంప్ తీసుకుని, డోర్ స్పీకర్ వైర్ల నుంచే సిగ్నల్ తీసుకోవచ్చు. మీ కారు మోడల్‌కు దొరికే కప్లర్ జత వాడితే కంపెనీ వైరు ఒక్కటి కూడా కోయకుండా పని అయిపోతుంది, వారంటీ టెన్షన్ తగ్గుతుంది. ఒక చిక్కు ఉంది. చాలా కంపెనీ స్టీరియోలు వాల్యూమ్ పెంచేకొద్దీ డోర్ స్పీకర్లు చిరగకుండా బేస్‌ను దొంగచాటుగా తగ్గిస్తాయి. మీదీ అదే బాపతైతే గట్టిగా పెట్టినప్పుడు సబ్ నీరసపడుతుంది. రోజూ మామూలు వాల్యూమ్‌లో వినేవాళ్లకు పెద్ద బాధేమీ కాదు.

ఇప్పుడు ట్యూనింగ్. సగం సబ్‌లు కాలిపోయేది ఈ మెట్టు దగ్గరే. ఆంప్ మీద గెయిన్ అన్న మరను అందరూ వాల్యూమ్ అనుకుని చివరిదాకా తిప్పుతారు. స్టీరియో పంపే సిగ్నల్‌కూ ఆంప్‌కూ పొత్తు కుదర్చడమే దాని పని. సబ్ వైర్లు ఊడదీసి, స్టీరియోలో టోన్ అంతా సున్నాకు పెట్టి, వాల్యూమ్ ముప్పావు వంతు దగ్గర ఆపి, 50 హెర్ట్జ్ టెస్ట్ టోన్ పెట్టండి. మల్టీమీటర్‌ను ఏసీ వోల్ట్స్‌లో ఉంచి ఆంప్ అవుట్‌పుట్ దగ్గర చూస్తూ గెయిన్ మెల్లగా పెంచండి. వాట్లను ఓమ్స్‌తో గుణించి వర్గమూలం తీస్తే ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. 300 వాట్లు, 2 ఓమ్స్ అయితే 24.5 వోల్ట్‌లు. అక్కడ ఆపి, మళ్లీ ముట్టుకోకండి. బేస్ బూస్ట్ మర సున్నాలో ఉండాలి. అది ఉన్నదే మనల్ని ఊరించడానికి.

కింది స్వరాలను మాత్రమే సబ్‌కు పోనిచ్చే లో పాస్ ఫిల్టర్‌ను 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టండి. అంతకంటే పైకి పోనిస్తే బేస్ వెనక నుంచి వస్తోందని చెవి పసిగట్టేస్తుంది. తర్వాత డ్రైవర్ సీట్లో కూర్చుని, ఇంకొకరిచేత ఫేజ్ స్విచ్ (సబ్ కోన్ కదిలే దిశను తిరగేసేది) 0కీ 180కీ మార్పించి చూడండి. ఏ వైపు బేస్ నిండుగా, ముందు నుంచి వస్తున్నట్టు ఉందో అదే సరైనది, కాగితంలో ఏమి రాసి ఉన్నా సరే. సబ్ మోత మట్టం సరిగ్గా కుదిరిందో లేదో నేను ఇలా చూస్తాను: పాట నడుస్తుండగా సబ్ ఆపేస్తే ఏదో పోయినట్టు అనిపించాలి, మళ్లీ వేస్తే సబ్ ఉన్న సంగతే తెలియకూడదు. మీ ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని చేయండి, ఆమె చెవి మీ చెవి, మీ స్నేహితుడి చెవి కంటే నిజాయితీగా చెప్పేట్టుంది.

మొదటి వారం నంబర్ ప్లేటు, డిక్కీ మూత, జాకీ పనిముట్లు ఒక్కొక్కటే గలగలమంటాయి. సబ్ చెడిపోయిందని కంగారుపడకండి. నంబర్ ప్లేటు వెనక నురగ పట్టీ అంటించండి, పనిముట్లను గుడ్డలో చుట్టండి.

బాక్స్‌ను మాత్రం ఊరికే డిక్కీలో వదిలేయకండి. సబ్‌తో కలిపి పది, పదిహేను కిలోలు తూగే పెట్టె అది, గట్టిగా బ్రేక్ వేస్తే సీటును గుద్దుతుంది. ఎల్ క్లాంపులతో నేలకు గానీ, డిక్కీలో సామాను కట్టే కొక్కేలకు బెల్టుతో గానీ కట్టండి. బెల్టయితే ఇంకో సుఖం ఉంది. సామాను ఎక్కువున్న రోజు రెండు కొక్కేలు విప్పి, వైరు ప్లగ్ లాగి బాక్స్‌ను ఇంట్లో దించేయొచ్చు, స్టెప్నీ తీయాల్సి వచ్చినా ఇబ్బంది ఉండదు. అందుకని టెర్మినల్ దగ్గర నేరుగా వైరు కలిపేయకుండా ఊడదీసే ప్లగ్ పెట్టించుకోండి.